ఆరెంజ్ కౌంటీ నీళ్ల లెక్క

మనకు కరువు అనగానే అనంతపురం గుర్తొస్తుంది. కాలిఫోర్నియా దక్షిణ తీరాన ఉన్న ఆరెంజ్ కౌంటీలో కురిసే వాన అనంతపురం వానలో మూడింట రెండొంతులు కూడా ఉండదు. ఏడాది మొత్తానికి సుమారు 350 మిల్లీమీటర్లు పడుతుంది. అదీ చలికాలంలో వచ్చే కొద్దిపాటి తుఫాన్లలోనే. ఎండాకాలమంతా చినుకు ఉండదు. అలాంటి చోట 1950లో 2.16 లక్షల మంది ఉండేవారు. 1970 నాటికి 14.2 లక్షలయ్యారు. 2020 జనాభా లెక్కల్లో 31.87 లక్షలు తేలారు. పేరుకు కారణమైన నారింజ తోటలు పోయి కాలనీలు లేచాయి. ఇర్వైన్ చుట్టుపక్కల ఇప్పుడు మన తెలుగు కుటుంబాలూ బాగానే ఉన్నాయి.

డెబ్బై ఏళ్లలో జనం దాదాపు పదిహేను రెట్లు పెరిగారు. అయినా కౌంటీ ఉత్తర, మధ్య భాగాల్లోని సుమారు 25 లక్షల మంది వాడే నీటిలో ఎక్కువ భాగం ఇప్పటికీ వాళ్ల కాళ్ల కింది నేలలోంచే వస్తోంది. ఇటీవలి ఏళ్లలో ఆ వాటా 85 శాతం దాకా ఉంది. బోర్లు ఎండిపోకుండా, సముద్రం లోపలికి రాకుండా, ఇంత జనానికి ఆ నేల ఎలా సరిపోతోంది? ఇందులో ఇంజినీరింగ్ ఎంత ఉందో చట్టం, పన్ను, కోర్టు తీర్పు కూడా అంతే ఉన్నాయి. నాకు మాత్రం వీటన్నిటికంటే ముందు చెప్పుకోదగ్గది వాళ్లు తోడే ప్రతి చుక్కనూ కొలవడం మొదలుపెట్టిన రోజు అనిపిస్తుంది.

ముందు నేల సంగతి చూద్దాం. శాన్ బెర్నార్డినో కొండల్లో పుట్టే శాంటా ఆనా నది సుమారు 150 కిలోమీటర్లు పారి హంటింగ్టన్ బీచ్ దగ్గర పసిఫిక్‌లో కలుస్తుంది. లక్షల ఏళ్లుగా అది తెచ్చి పోసిన ఇసుక, గులకరాళ్లు, బంకమట్టి పొరలు పొరలుగా పేరుకుని, వేల అడుగుల లోతు వరకూ నీళ్లు నిండిన మేట అయ్యాయి. ఆ మేటలో ఉన్న మొత్తం నీరు ఆరు కోట్ల అరవై లక్షల ఎకరా-అడుగులని అంచనా. ఎకరం నేలలో అడుగు ఎత్తున నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు, అంటే 12.33 లక్షల లీటర్లు. మన భాషలో ఒక టీఎంసీకి దాదాపు 23,000 ఎకరా-అడుగులు.

అంత నీరుండగా దిగులెందుకు అనిపిస్తుంది. కానీ నిండుగా ఉన్నప్పటి మట్టం నుంచి ఐదు లక్షల ఎకరా-అడుగులకు మించి దించకూడదని అక్కడి లెక్క. అంటే 22 టీఎంసీల లోపు, మొత్తం నిల్వలో నూటికి ఒక వంతు కూడా కాదు. మిగతాదంతా అక్కడే ఉంటుంది, ముట్టుకోవడానికి లేదు. ముట్టుకుంటే నేల కుంగుతుంది, సముద్రం వస్తుంది.

సముద్రం ఎలా వస్తుందో కాస్త ఆగి చూడాలి. కృష్ణా డెల్టా చివరి ఊళ్లలో బోరు కొంచెం లోతుకు వేస్తే ఉప్పునీళ్లు పడతాయని అక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దాని వెనుక చిన్న లెక్క ఉంది. మంచినీటి సాంద్రత ఒకటి అనుకుంటే సముద్రపు నీటిది 1.025. తీరం దగ్గర నేలలో మంచినీరు తేలికగా ఉండి పైన తేలుతుంది, ఉప్పునీరు బరువుగా కింద ఉంటుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరాలంటే సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉన్నచోట, మట్టానికి కింద 40 అడుగుల మంచినీరు నిలబడుతుంది. డచ్చి ఇంజినీరు గైబెన్, జర్మన్ శాస్త్రవేత్త హెర్జ్‌బర్గ్ వందేళ్ల క్రితమే విడివిడిగా తేల్చిన సూత్రమిది. అంటే పైన ఒక్క అడుగు తోడేస్తే కింద ఉప్పునీరు 40 అడుగులు పైకి ఎగబాకగలదు. బోర్లలో నీటి మట్టం సముద్ర మట్టం కంటే కిందికి పోతే ఇక ఆ లెక్క కూడా ఉండదు. సముద్రమే లోపలికి పారుతుంది.

1950ల మధ్యకు ఆరెంజ్ కౌంటీలో సరిగ్గా అదే జరిగింది. భూగర్భ నీటి మట్టం సముద్ర మట్టానికి కిందికి జారింది. రెండు గుట్టల నడుమ పాత నది దారి ఒకటుంది, దాన్ని టాల్బర్ట్ గ్యాప్ అంటారు. ఆ సందులో ఉప్పునీరు మైళ్ల దూరం లోపలికి చొచ్చుకొచ్చింది. తీరం దగ్గరి బోర్లు ఒకటొకటిగా మూసేయాల్సి వచ్చింది.

అప్పటికే అక్కడ ఒక సంస్థ ఉండటం వాళ్ల అదృష్టం. 1933లో రాష్ట్ర శాసనసభ ప్రత్యేక చట్టంతో ఆరెంజ్ కౌంటీ వాటర్ డిస్ట్రిక్ట్‌ను ఏర్పాటు చేసింది. అది ఇంటింటికీ నీళ్లిచ్చే సంస్థ కాదు. ఆ పని నగరాలది, స్థానిక నీటి సంస్థలది. దీని పని నేలలోని నీటిని చూసుకోవడమే. 1940ల చివరి నుంచి కొలరాడో నది నీళ్లు కొని ఇసుక నేలల్లోకి వదిలి ఇంకించడం మొదలుపెట్టారు. ఆ నీళ్లు 390 కిలోమీటర్ల కాలువల గుండా, ఎడారి కొండలు ఎక్కి రావాలి. డబ్బు కావాలి. 1954లో తోడిన నీటి మీద రుసుం వేశారు. ఎంత తోడితే అంత కట్టాలి, ఆ డబ్బుతోనే మళ్లీ నేల నింపుతారు. రుసుం వేయాలంటే బోరు బోరుకూ లెక్క ఉండాలి. అలా ఎవరెంత తోడుతున్నారో మొదటిసారి కాగితం మీదికి వచ్చింది. మనకూ 2002లో వాల్టా చట్టం వచ్చింది, బావులు, బోర్లు నమోదు చేయించాలని అందులో ఉంది. కానీ మన పొలాల బోరు గొట్టానికి మీటరు కనిపించడం అరుదు. ఈ తేడా నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

తరవాత వాళ్లు చేసిన ఏర్పాటు ఇంకా తెలివైనది. నీ ఇంట్లో బావి ఉంటే ఎంతైనా తోడుకో, మేము ఆపం అన్నారు. కాకపోతే ప్రతి ఏడాదీ ఒక శాతం ప్రకటిస్తారు. ఒక నగరం తన మొత్తం అవసరంలో ఆ శాతం వరకూ నేలలోంచి చవగ్గా తోడుకోవచ్చు. దాన్ని దాటి తోడితే అదనపు రుసుం పడుతుంది, అప్పుడు ఆ నీటి ధర బయటి నుంచి కొన్న నీటి ధరతో సమానమైపోతుంది. ఇక ఎక్కువ తోడి లాభమేముంది? వానలు బాగా పడిన ఏడు శాతం పెంచుతారు, కరువు వస్తే తగ్గిస్తారు. పక్కనున్న లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో చాలా భూగర్భ నీటి మడుగులను కోర్టులు వాటాలేసి పంచాయి. ఇక్కడ కోర్టుకు పోయింది ఎగువ వాళ్లతోనే. నది ఎగువన ఉన్న నగరాలు నీళ్లన్నీ వాడేసుకుంటున్నాయని 1963లో దావా వేశారు. 1969 తీర్పు ప్రకారం నది మీదున్న ప్రాడో ఆనకట్ట దగ్గర ఏటా కనీసం 42,000 ఎకరా-అడుగుల సాధారణ ప్రవాహం కిందికి రావాలి.

సముద్రాన్ని ఆపడానికి మాత్రం రుసుము, తీర్పు చాలవు. దానికి గోడ కావాలి. ఆ గోడను నీళ్లతోనే కట్టారు. టాల్బర్ట్ గ్యాప్‌కు అడ్డంగా, ఫౌంటెన్ వ్యాలీ వీధుల వెంట వరుసగా బావులు తవ్వి, వాటిలోకి ఒత్తిడితో మంచినీటిని దింపారు. ఆ వరుస పొడవునా నేలలో నీటి మట్టం మిట్టలా లేస్తుంది. అది సముద్ర మట్టానికి పైన ఉన్నంతసేపూ ఉప్పునీరు దాటలేదు. దింపిన నీటిలో కొంత సముద్రం వైపు పోయినా ఎక్కువ భాగం లోపలికి, జనం తోడే బోర్ల వైపు పారుతుంది. మరి ఆ నీరు ఎక్కడిది? 1970ల మధ్యలో వాటర్ ఫ్యాక్టరీ 21 పేరుతో ఒక శుద్ధి కేంద్రం కట్టి, మురుగునీటిని తాగునీటి ప్రమాణానికి తెచ్చి బావుల్లోకి పంపారు. రివర్స్ ఆస్మాసిస్‌తో మురుగునీటిని ఆ స్థాయికి తెచ్చిన తొలి కేంద్రాల్లో అది ఒకటి.

ఆ చిన్న కేంద్రం నడిచిన ముప్పై ఏళ్ల అనుభవంతో 2008 జనవరిలో పెద్దది మొదలైంది. గ్రౌండ్‌వాటర్ రీప్లెనిష్‌మెంట్ సిస్టమ్ అని పేరు పెట్టారు. నీటి సంస్థ ఒక్కటే కట్టలేదు, మురుగునీటి సంస్థ సగం డబ్బు పెట్టింది. దానికీ కారణముంది. జనం పెరిగేకొద్దీ తుఫాను రోజుల్లో సముద్రంలోకి వదలాల్సిన మురుగు ఎక్కువై, రెండో గొట్టం వేయాల్సి వస్తుందని వాళ్ల భయం. దానికి సుమారు 20 కోట్ల డాలర్లు అవుతుంది. ఆ డబ్బేదో శుద్ధి కేంద్రంలో పెడితే మురుగు తగ్గుతుంది, నీళ్లూ వస్తాయి. మొదటి దశకు 48.1 కోట్ల డాలర్లు అయ్యాయి.

అక్కడ జరిగే పని వరసగా చెబుతాను. మురుగునీటి కేంద్రంలో మామూలు శుద్ధి అయిన నీరు పక్క ప్రాంగణంలోకి వస్తుంది. మొదట సన్నటి పాలిప్రొపిలీన్ గొట్టాల కట్టలు. ఒక్కో గొట్టం దారమంత సన్నంగా, లోపల బోలుగా ఉంటుంది. దాని గోడ నిండా మిల్లీమీటరులో అయిదువేలో వంతు రంధ్రాలు. మట్టి, బాక్టీరియా బయట ఆగిపోతాయి, నీరు లోపలికి వస్తుంది. తరవాత రివర్స్ ఆస్మాసిస్. మన వీధి చివర 20 లీటర్ల క్యాన్లు నింపే ప్లాంటులో ఉండేదీ ఇదే రకం పొర. దాంట్లోంచి నీటి అణువులు దూరతాయి, కరిగిన ఉప్పు, మందుల అవశేషాలు, వైరస్‌లు దాదాపు అన్నీ ఇవతలే ఉండిపోతాయి. మన వీధి ప్లాంట్లలో చాలా నీరు కాలువలో పోతుంది. ఇక్కడ వచ్చిన నీటిలో 85 శాతం శుద్ధమై బయటికి వస్తుంది, మిగిలిన చిక్కటి ఉప్పునీరు సముద్రంలోకి పోతుంది. సముద్రపు నీటిని మంచినీటిగా మార్చడానికీ ఇదే పొర వాడతారు. కానీ సముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, మురుగులో ఉండేది గ్రాము, గ్రామున్నర. ఉప్పు తక్కువైతే నీటిని నెట్టడానికి ఒత్తిడి తక్కువ, కరెంటు తక్కువ. మురుగును శుద్ధి చేయడం సముద్రపు నీటి కంటే చవక కావడానికి అసలు కారణం ఇదే.

మూడో అంచె ఒక దెబ్బ తిన్నాక వచ్చింది. 2000 ప్రాంతంలో పాత కేంద్రం నీటిలో ఎన్‌డీఎంఏ అనే పదార్థం బయటపడింది. క్యాన్సర్ కలిగించగలదని అనుమానమున్న చిన్న అణువు అది, అంత చిన్నది కాబట్టే పొరలోంచి కొంత దూరిపోతుంది. దానికి విరుగుడుగా కొత్త కేంద్రంలో చివరి అంచెగా హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి, బలమైన అతినీలలోహిత కాంతి కింద నీటిని పంపుతారు. కాంతి కొన్ని అణువులను నేరుగా విరగ్గొడుతుంది, పెరాక్సైడ్ నుంచి పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ మిగతావాటి పని పడతాయి.

ఇంత శుభ్రమైన నీటితో ఒక చిక్కుంది. ఉప్పు, సున్నం అన్నీ పోయిన నీరు ఆకలితో ఉంటుంది, తగిలిన దానినల్లా కరిగించుకోవాలని చూస్తుంది. సిమెంటు గొట్టాలను తినేస్తుంది. అందుకని చివర కాస్త సున్నం కలుపుతారు. 2015లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో సంగతి బయటపెట్టారు. ఈ నీటిని నేలలోకి ఇంకించే చెరువుల కింది మట్టి రేణువులకు సహజంగానే కొద్దిగా ఆర్సెనిక్ అంటుకుని ఉంటుంది, కాల్షియం, మెగ్నీషియం ఆ బంధాన్ని పట్టి ఉంచుతాయి. అవి లేని నీరు దిగితే ఆర్సెనిక్ వదులై నీటిలో కలుస్తుంది. నీటిలో ఏమేమి ఉండకూడదో చూసినంత శ్రద్ధగా ఏమేమి ఉండాలో కూడా చూడాలని అప్పుడే గట్టిగా తెలిసొచ్చింది.

శుద్ధయిన నీటిలో కొంత సముద్రపు గోడ బావుల్లోకి పోతుంది. ఎక్కువ భాగం సుమారు 20 కిలోమీటర్ల గొట్టంలో అనహైమ్ నగరంలోని ఇంకుడు చెరువులకు చేరుతుంది. అక్కడి చెరువులు చూడటానికి మామూలు గుంటలే. శాంటా ఆనా నది పాయలో రబ్బరు ఆనకట్టలున్నాయి, గాలి నింపితే ఉబ్బి నీటిని చెరువుల వైపు మళ్లిస్తాయి, వరద ముంచుకొస్తే గాలి తీసి పడుకోబెడతారు. నదిలోనే బుల్డోజర్లతో ఇసుక కట్టలు పోసి నీరు మెలికలు తిరిగేలా చేస్తారు, ఆ మెలికల్లో నీరు మెల్లగా పారుతూ ఇంకుతుంది. నది నీటితో వచ్చే ఒండ్రు చెరువు అడుగున పల్చని పొరగా పరుచుకుంటుంది. ఆ పొర వేలి మందం కూడా ఉండదు, కానీ ఇంకడం చాలావరకు ఆగిపోతుంది. అప్పుడు చెరువును ఎండగట్టి, యంత్రాలతో అడుగు గీరేసి, కింది శుభ్రమైన ఇసుక పైకి వచ్చాక మళ్లీ నింపుతారు. శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిలో ఒండ్రే ఉండదు కాబట్టి అది వదిలే చెరువులు ఇలా మూసుకుపోవు.

మొదట రోజుకు 26 కోట్ల లీటర్లు వచ్చేవి. 2015లో 38 కోట్లకు, 2023లో 49 కోట్లకు పెంచారు. గొట్టాలు, స్థలం మొదటి రోజే చివరి సామర్థ్యానికి సరిపడేలా పెట్టుకుని, శుద్ధి యూనిట్లను మాత్రం అవసరమైనప్పుడు చేర్చుకుంటూ వచ్చారు. నాకు ఇది చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే పొరుగు కౌంటీ సంగతి చెప్పాలి.

ఆరెంజ్‌కు దక్షిణాన శాన్ డియేగో కౌంటీ. దాని కింద ఇలాంటి నేల లేదు, అప్పట్లో నీళ్లు దాదాపు అన్నీ బయటివే. 1991 కరువులో సరఫరా 31 శాతం కోసేశారు. ఆ దెబ్బతో వాళ్లు ఇక ఎవరి దయ మీదా బతకొద్దనుకున్నారు. 2003లో ఇంపీరియల్ వ్యాలీ రైతులు పొదుపు చేసే నీటిని దీర్ఘకాలానికి కొనే ఒప్పందం చేసుకున్నారు. శాన్ విసెంటె ఆనకట్టను 117 అడుగులు ఎత్తు చేశారు. 2015లో కార్ల్స్‌బాడ్‌లో వంద కోట్ల డాలర్లతో రోజుకు 19 కోట్ల లీటర్ల సముద్రపు నీటి శుద్ధి కేంద్రం వచ్చింది, ఆ నీటిని 30 ఏళ్లు కొంటామని సంతకం పెట్టారు. ప్రతి పనికీ గట్టి కారణమే ఉంది. కరువు వస్తే నీళ్లుండాలి, అవి ఉన్నాయి కూడా.

తప్పింది ఒక్క అంచనా. జనం పెరిగితే వాడకం పెరుగుతుందనుకున్నారు. 1990లో 25 లక్షలున్న జనాభా 2020కి 33 లక్షలైంది, మొత్తం వాడకం మాత్రం తగ్గింది. 1992 ఫెడరల్ చట్టం ప్రకారం కొత్త టాయిలెట్లు ఒక్క ఫ్లష్‌కు ఆరు లీటర్లకు మించి వాడకూడదు, అంతకుముందు 13 లీటర్లు పట్టేది. పచ్చిక పీకేస్తే డబ్బిచ్చే పథకాలు వచ్చాయి. బట్టల మిషన్లు మారాయి. 2015లో రాష్ట్రమంతటా 25 శాతం తగ్గించాలని గవర్నర్ ఆదేశించారు, ఆ అలవాటు చాలామందిలో నిలిచిపోయింది. ఒప్పుకున్న నీటికి డబ్బు కట్టాలి, అమ్ముడయ్యే నీరు తక్కువ, కాబట్టి లీటరు ధర పెరగాలి. ధర పెరిగితే జనం ఇంకా పొదుపు చేస్తారు. 2023 నవంబరులో ఫాల్‌బ్రూక్, రెయిన్‌బో అనే రెండు రైతు ప్రాంతాల ఓటర్లు శాన్ డియేగో కౌంటీ నీటి సంస్థ నుంచి బయటికి పోవడానికి ఓటేశారు.

కాలిఫోర్నియాలో ప్రతి పెద్ద నీటి సంస్థా అయిదేళ్లకోసారి కనీసం ఇరవై ఏళ్ల ముందుచూపుతో ప్రణాళిక రాయాలని 1983 చట్టం. 2001లో వచ్చిన చట్టాలతో 500 ఇళ్లకు మించిన కాలనీకి అనుమతి ఇవ్వాలంటే, వరసగా కరువులొచ్చినా ఇరవై ఏళ్లు నీళ్లుంటాయని ముందే చూపించాలి. మంచి చట్టాలివి. అయితే ఆ ప్రణాళికల్లో వాడకం అంచనా గీత ఎప్పుడూ పైకే పోయేది. ఎవరైనా వాడకం తక్కువ వేసి తరవాత నీళ్లు చాలకపోతే ఉద్యోగం పోతుంది, ఎక్కువ వేస్తే బిల్లు జనం కడతారు. అందుకే దశలవారీగా కట్టుకునే పద్ధతికి నేను ఎక్కువ విలువిస్తాను. గీత తప్పినా అక్కడితో ఆగిపోవచ్చు. ఆరెంజ్ కౌంటీ కూడా హంటింగ్టన్ బీచ్‌లో కార్ల్స్‌బాడ్ అంత పెద్ద సముద్రపు నీటి కేంద్రం నుంచి కొనాలని చాలా ఏళ్లు ఆలోచించింది. 2022 మేలో రాష్ట్ర కోస్టల్ కమిషన్ దాన్ని ఏకగ్రీవంగా తిరస్కరించింది.

మురుగునీటిని తాగడానికి జనం ఒప్పుకున్నారా అని తప్పక అడగాలి. 1990లలో శాన్ డియేగో నగరం ఇదే ప్రయత్నం చేస్తే 'మరుగుదొడ్డి నుంచి కుళాయికి' అనే నినాదం లేచి 1999లో పథకం ఆగిపోయింది. ఆరెంజ్ కౌంటీ అధికారులు కట్టడం మొదలుపెట్టకముందే ఏళ్ల తరబడి ఆసుపత్రులు, మతసంస్థలు, వలస కుటుంబాల సంఘాలు, రాజకీయ నాయకులు అందరి దగ్గరికీ వెళ్లి వివరించారు. కేంద్రం చూడవచ్చినవాళ్లకు చివర ఆ నీళ్లే గ్లాసులో పోసి ఇస్తారు. శుద్ధి చేసిన నీరు నేరుగా కుళాయికి పోకుండా నెలల తరబడి నేలలో ప్రయాణించి బోరులోకి రావడం కూడా జనం మనసు కుదుటపడేలా చేసింది. దాచిపెట్టి చేయకపోవడమే పనిచేసిందని నా నమ్మకం.

కష్టాలు తీరిపోలేదు. 2020 ఫిబ్రవరిలో రాష్ట్రం పీఎఫ్ఓఏ అనే రసాయనానికి లీటరుకు 10 నానోగ్రాముల హద్దు పెట్టింది. నాన్‌స్టిక్ పూతలు, మరక అంటని బట్టలు, మంటలార్పే నురగ లాంటి వాటిలో వాడిన పీఎఫ్ఏఎస్ కుటుంబంలోది అది, ప్రకృతిలో విరిగిపోదు. ఎగువ నుంచి నది తెచ్చిన నీటితో అది నేలలోకి దిగింది. డజన్ల కొద్దీ బోర్లు ఆపేసి, చవకైన భూగర్భ నీటి బదులు ఖరీదైన బయటి నీళ్లు కొన్నారు. తరవాత ఒక్కో బోరు దగ్గరా ఉత్తేజిత బొగ్గు, అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్ నింపిన పెద్ద ఉక్కు డ్రమ్ములు నిలబెట్టి మళ్లీ తెరుస్తున్నారు. కౌంటీ దక్షిణ భాగానికి ఈ భూగర్భ మేటే లేదు. మిషన్ వియెహో, లగూనా నిగెల్ లాంటి ఊళ్లు ఇప్పటికీ దాదాపు పూర్తిగా బయటి నీటి మీదే ఉన్నాయి.

ఇక కౌంటీ ఉత్తర, మధ్య భాగాల్లో తిరిగి వాడుకోదగ్గ మురుగునీరంతా వాడకంలోకి వచ్చేసింది, దాన్ని ఇంకా పెంచడానికి లేదు. ఇళ్లలో పొదుపు పెరిగేకొద్దీ మురుగే తగ్గుతోంది. ఎగువ నగరాలు కూడా తమ మురుగును తామే శుద్ధి చేసుకుని వాడుకోవడం మొదలుపెట్టాయి, నదిలో సాధారణ ప్రవాహం పాతికేళ్ల కిందటి దాంట్లో సగానికి పడిపోయింది. అందుకని ఇప్పుడు చూపు వరద నీటి మీద పడింది. 1941లో వరద ఆపడానికి సైనిక ఇంజినీర్లు కట్టిన ప్రాడో ఆనకట్టలో సముద్ర మట్టానికి 505 అడుగుల ఎత్తు వరకూ నీళ్లు నిలపనిస్తే సుమారు 20,000 ఎకరా-అడుగులు దొరుకుతాయి, వాటిని మెల్లగా వదిలితే కింద చెరువుల్లో ఇంకించుకోవచ్చు. ఇంకా పైకి నింపాలంటే రెండు అడ్డంకులు. వెనకాలే ఇంకో తుఫాను వస్తే వరదకు చోటుండదు. ఆనకట్ట వెనుక పొదల్లో 1986 నుంచి అంతరించే జాతుల జాబితాలో ఉన్న లీస్ట్ బెల్స్ వీరియో పిట్ట గూడు కట్టుకుంటుంది, పొదలు మునగకూడదు. ఆ పిట్టలు ఒకప్పుడు అక్కడ పట్టుమని కొన్ని జంటలే ఉండేవి, నీటి సంస్థ పూనుకుని కాపాడటంతో ఇప్పుడు వందల జంటలయ్యాయి. మొదటి అడ్డంకి కోసం స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ వాతావరణ శాస్త్రవేత్తలతో కలిసి, పసిఫిక్ మీదుగా గాలిలో పొడవాటి పాయల్లా తేమను మోసుకొచ్చే ఆవిరి నదుల రాకను నాలుగైదు రోజుల ముందే అంచనా కట్టి, దాన్ని బట్టి గేట్లు ఎప్పుడు ఎత్తాలో తేల్చే పద్ధతిని పరీక్షిస్తున్నారు.